పదకొండు గంటల మీటింగు

మంగళవారం ఉదయం బల్ల దగ్గర కూర్చుని బీన్సుకు ఈనెలు తీస్తున్నాను. మా ఆయన వచ్చి కాయల పక్కన ఒక ఫైలు పెట్టి, "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ" అన్నారు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు కాగితపు ముక్కలు అంటించి ఉన్నాయి.

"ఏమిటివి?"

"ఏం లేదు, బ్యాంకు కాగితాలు."

"ఏం లేనిదానికి ఐదు సంతకాలా?"

"నీతో వచ్చిన చిక్కే ఇది. పాలవాడి చీటీ ఇచ్చినా పరిశోధన మొదలుపెడతావు. సాయంత్రానికి పెట్టి ఉంచు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

మా ఆయన బ్యాంకులో పెద్ద ఖాతాదారుల విభాగంలో అధికారి. పెద్ద ఖాతాదారులంటే క్యూలో నిలబడనివాళ్ళు. వాళ్ళ కోసం మెత్తటి సోఫాలున్న గది ఒకటి, అందులో పింగాణీ కప్పులు, తలుపుకి రబ్బరు అంచు. లోపలి మాట బయటికి వినబడదు. పదిహేనేళ్ళ నుంచి ఆయన ఆ గదిలోనే ఉన్నారు. శుక్రవారం ప్రమోషన్ల జాబితా వస్తుంది. అందులో తన పేరు ఉంటుందని పై మేనేజరు మాటిచ్చారట. నెల రోజులుగా మా ఇంట్లో ఆ శుక్రవారం తప్ప మరో వారం లేదు.

చేతులు తుడుచుకుని ఫైలు తెరిచాను.

నాలుగు కాగితాలు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. నాలుగు మీటింగుల మినిట్స్. అంటే సమావేశంలో ఎవరేం మాట్లాడారో, ఏం తీర్మానించారో రాసుకునే కాగితాలన్నమాట. ఏదో సముద్రం మధ్య ద్వీపంలో ఒక కంపెనీ. మొదటి కాగితం ప్రకారం దాని డైరెక్టర్ల సమావేశం పద్నాలుగో తేదీ ఉదయం పదకొండు గంటలకు ఆ ద్వీపంలోని కార్యాలయంలో జరిగింది. డైరెక్టరు అధ్యక్షత వహించారు. విషయాలన్నీ కూలంకషంగా చర్చించిన మీదట తీర్మానాలు ఏకగ్రీవంగా ఆమోదించారు. చివర్లో అధ్యక్షులకు ధన్యవాదాలు తెలిపారు.

డైరెక్టరు పేరు చూశాను. నా పేరే. రెండో డైరెక్టరు ఎవరా అని వెతికాను. లేరు. నేనొక్కదాన్నే. నేనే అధ్యక్షత వహించి, నాతో నేనే కూలంకషంగా చర్చించుకుని, నాకు నేనే ఏకగ్రీవంగా ఒప్పుకుని, నాకు నేనే ధన్యవాదాలు చెప్పుకున్నాను.

నేను డైరెక్టర్ని ఎప్పుడయ్యానా అని ఆలోచిస్తే రెండేళ్ళ కిందటి సంగతి గుర్తుకొచ్చింది. అత్తయ్యకు కంటి ఆపరేషను రోజు, ఆసుపత్రి వరండాలో, ఆమె చేతి గాజులూ కళ్ళజోడూ నా ఒళ్ళో ఉండగా ఈయన రెండు కాగితాలు అందించి, "కుటుంబ సభ్యుల వివరాలట, బ్యాంకులో అడుగుతున్నారు" అన్నారు. పెట్టేశాను. డిగ్రీ చదివి, గుమ్మంలోకి వచ్చిన ప్రతి కాగితాన్నీ కామాలతో సహా చదివే మనిషిని, జీవితంలో ఒక్కసారి చదవకుండా పెట్టాను. అది చాలింది.

గోడ క్యాలెండరు దింపాను. ఏ రోజు ఏం జరిగిందో అందులో రాయడం నాకు అలవాటు. పద్నాలుగో తేదీ పదకొండింటికి నేను అత్తయ్యను తీసుకుని పళ్ళ డాక్టరు దగ్గరున్నాను. రెండో మీటింగు రోజు స్నానాలగది గొట్టం పగిలి ప్లంబరు పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. మూడోది కరెంటాఫీసు క్యూలో గడిచింది. నాలుగో మీటింగు రోజు దుప్పట్లు ఉతికాను. పెన్సిలు తీసుకుని ప్రతి కాగితం మార్జిన్‌లోనూ సన్నగా రాశాను: 'అబద్ధం. పళ్ళ డాక్టరు.' 'అబద్ధం. ప్లంబరు.' ఇలా.

ఐదో కాగితం దగ్గర పెన్సిలు ఆగిపోయింది. అది డిక్లరేషను. 'ఈ కంపెనీకి నిజమైన యజమానిని నేనే. దీని లాభం అనుభవించేది నేనే. నా వెనుక మరెవరూ లేరు. ఇందులో ఏ మాట అబద్ధమైనా శిక్షార్హురాలినని ఎరుగుదును.'

సాయంత్రం ఆయన వచ్చి కాగితాలు చూసి తల పట్టుకున్నారు.

"ఒరిజినల్స్ మీద రాస్తావా ఎవరైనా!"

"పెన్సిలే. చెరిపితే పోతుంది. మీరు రాయించింది చెరిపితే పోదు."

"అది ఫార్మాలిటీ. అంతటా ఇలాగే చేస్తారు."

"నేను ఆ ద్వీపం ఎప్పుడు వెళ్ళానండీ? పడవలో వెళ్ళానా, విమానంలో వెళ్ళానా? వెళ్ళొస్తే పక్కింటావిడకైనా చెప్పుకునేదాన్ని కదా."

"ఎవరూ వెళ్ళరు. అక్కడ ఒకే ఒక్క మేడ ఉంటుంది. అందులో పదివేల కంపెనీలుంటాయి."

"మనుషులో?"

"ఓ ఏజెంటు, ఇద్దరు గుమస్తాలు."

"యజమాని ఎవరు?"

"నువ్వే."

"నేనా!"

"కాగితం మీద."

"కాగితం మీద కాకుండా?"

ఒక్కొక్క మాటా పంటిని పీకినట్టు పీకితే అరగంటకు విషయం బయటపడింది. మా ఊరి టైల్స్ ఫ్యాక్టరీ యజమాని వాళ్ళ బ్యాంకు ఖాతాదారు. ఆ ఫ్యాక్టరీ తన టైల్స్‌ని ఖర్చులకు సరిపడా ధరకి నా కంపెనీకి అమ్ముతుంది. నా కంపెనీ వాటిని ఇళ్ళు కట్టేవాళ్ళకు అసలు ధరకి అమ్ముతుంది. లాభమంతా ద్వీపంలో పుడుతుంది. అక్కడ పన్ను లేదు. ఇక్కడ ఫ్యాక్టరీకి లాభమే లేదు కాబట్టి ఇక్కడా పన్ను లేదు.

"అయితే టైల్స్ ఓడెక్కి ద్వీపం వెళ్ళొస్తాయా?"

"లేదు. ఫ్యాక్టరీ గేటులోంచి లారీ ఎక్కి నేరుగా ఇల్లు కట్టే చోటికి పోతాయి."

"పాపం, టైలుకి కూడా తెలియదన్నమాట తను విదేశం వెళ్ళొచ్చానని!" అన్నారు అత్తయ్య. కుర్చీ ఎప్పుడు దగ్గరికి జరుపుకున్నారో తెలియదు. ఆమె ముప్పై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటరులో పనిచేసి రిటైరయ్యారు. "ఒరే, నా పింఛనులోంచి నెలనెలా పన్ను కోసుకుంటున్నార్రా. నేనూ ఆ ద్వీపంలో ఓ కుర్చీ వేసుకోనా?"

"అమ్మా, నువ్వుండు."

"ఉంటానులే. అమ్మాయ్, నువ్వు ఓనరువి కదా, పళ్ళ డాక్టరు దగ్గర నా పన్ను కట్టించిన ఖర్చు ఆ కంపెనీ చేత ఇప్పించు. లేకపోతే నా పన్నైనా కట్టించు. ఏదో ఒక పన్ను కట్టాలి కదా."

నాకు నవ్వు రాలేదు. "ఇందులో తప్పు లేదంటున్నారు కదా. తప్పు లేకపోతే ఆ ఫ్యాక్టరీ ఆయన్ని తన పేరుతోనే పెట్టుకోమనండి."

"అలా పెట్టుకుంటే పన్ను కట్టాలి."

"అబ్బ! మళ్ళీ మొదటికే వచ్చాం."

"కొత్త రూలు వచ్చింది. ప్రతి కంపెనీకి నిజమైన యజమాని ఎవరో శుక్రవారంలోగా ఫైలులో ఉండాలి. తనిఖీ అధికారి వస్తున్నాడు. అందుకే ఈ డిక్లరేషను. ఐదు సంతకాలు. నిమిషం పని. దానికోసం నా పదిహేనేళ్ళ..." అని ఆపేశారు.

"పెట్టి, రేపు పట్టుబడితే జైలుకెళ్ళేది ఎవరు? మీ టైల్సాయనా, నేనా?"

"ఎవరూ పట్టుకోరు."

"మీకెలా తెలుసు?"

"ఎవరూ అడగరు కాబట్టి!" అని అరిచారు. తరవాత గొంతు తగ్గించారు. "మా విభాగంలో ఒక పద్ధతుంది. ఖాతాదారు ఎప్పుడూ 'నా డబ్బు' అనడు. 'ఆ పార్టీ' అంటాడు, 'ఒక మిత్రుడు' అంటాడు. మేమూ ఎవరని అడగం. అసలు యజమాని వేరని తెలిసిన అధికారి అది రాసి తీరాలని రూలు. వినకపోతే తెలిసినట్టు కాదు."

"అంటే చెవుల్లో దూది పెట్టుకోవడానికా జీతం?"

"ఆ జీతంతోనే ఈ బీన్సు కొన్నాం" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

బీన్సు ఎవరూ సరిగ్గా తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం పై మేనేజరు గారి భార్య వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. వస్తూ వస్తూ పెద్ద బిస్కెట్ డబ్బా తెచ్చింది. ఆవిడ భర్తకు అత్తయ్య పెట్టిన పేరు వెన్నపూస. ఆయన గొంతు అలా ఉంటుంది, కరిగిపోతూ.

"ఏంటి చెల్లాయ్, చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమట?"

"మీక్కూడా ఉందా అక్కయ్యగారూ, కంపెనీ?"

"కంపెనీయా!" అని నవ్వింది. "పదకొండు. ఒక్కదాని పేరు చెప్పమంటే చెప్పలేను. ఓడలున్నాయో, గనులున్నాయో! మొన్న మా చిన్నది స్కూలు ఫారంలో 'తల్లి వృత్తి' అన్నచోట గృహిణి అని రాస్తుంటే, ఆగవే, నేను పదకొండు కంపెనీల డైరెక్టర్ని అన్నాను. మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి ఫారం లాక్కున్నారు."

"మీకు భయమనిపించలేదా?"

"ఎందుకూ?"

"ఫారంలో రాయకూడనిది డిక్లరేషనులో ఎలా రాస్తాం?"

ఆవిడ బిస్కెట్ డబ్బా నా వైపు జరిపింది. "చెల్లాయ్, చదువుకున్నవాళ్ళతో ఇదే తంటా. వాళ్ళు మనల్ని ఎందుకు ఎంచుకున్నారనుకున్నావు? డిగ్రీ ఉంది కాబట్టి సంతకం దర్జాగా ఉంటుంది. ఉద్యోగం లేదు కాబట్టి అడిగేవాళ్ళుండరు. నీకు ఇబ్బందైతే ఆ కొత్త క్యాషియరు పెళ్ళాం ఉంది, కళ్ళు మూసుకుని పెడుతుంది. కానీ అప్పుడు శుక్రవారం జాబితాలో ఎవరి పేరుంటుందో నేను చెప్పక్కర్లేదు కదా."

అంత మర్యాదగా బెదిరించడం కూడా ఒక విద్యే. ఆవిడ వెళ్ళాక డబ్బా వెనక ఏం రాసుందో చదివాను. ఆ బిస్కెట్లు ఎక్కడ తయారయ్యాయో, ఎవరు తయారుచేశారో, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో అడ్రసుతో సహా ఉంది. డబ్బాడు బిస్కెట్లకున్న పాటి ఊరూ పేరూ నా కంపెనీకి లేదు.

అప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. ఫైలు మళ్ళీ తెరిచి, అడుగున కుట్టి ఉన్న ఆ కంపెనీ నియమాలు ముప్పై పేజీలూ వరసగా చదివాను. సాయంత్రం మా ఆయన వచ్చి, "రేపు మా మేనేజరు గారూ టైల్సాయనా స్వయంగా వచ్చి నీకు వివరంగా చెబుతారట. ఎన్ని గంటలకి రమ్మంటావు?" అన్నారు, ఏడవలేక నవ్వుతూ.

"పదకొండింటికి. డైరెక్టర్ల మీటింగు ఎప్పుడూ పదకొండుకే కదా."

గురువారం సరిగ్గా పదకొండుకు ముగ్గురూ వచ్చారు. వెన్నపూస ముందు, వెనక టైల్సాయన, చివర మా ఆయన. మా ఆయన తన ఇంట్లో తను అడుగు పెడుతున్న మనిషిలా లేరు, పళ్ళ డాక్టరు కుర్చీలోకి వెళ్తున్నట్టున్నారు. టైల్సాయన పొట్టిగా, బలంగా ఉన్నాడు. వేళ్ళ గోళ్ళ సందుల్లో ఇప్పటికీ ఎర్రమట్టి ఛాయ ఉంది. కూర్చోకముందే మా వంటింటి నేల వైపు చూసి, "ఇవి మావి కావు. నాసిరకం" అన్నాడు.

కాఫీలిచ్చి, రూళ్ళ నోటుపుస్తకం ముందు పెట్టుకున్నాను. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని నా పక్కన కూర్చున్నారు.

"చూడమ్మా, ఇది చాలా చిన్న విషయం..." అన్నాడు వెన్నపూస.

"ఒక్క నిమిషమండీ. సమావేశం ఉదయం పదకొండు గంటలకు మొదలైంది" అంటూ రాశాను. "డైరెక్టరు అధ్యక్షత వహించారు. పిలుపుపై వచ్చినవారు బ్యాంకు మేనేజరు గారు, టైల్స్ ఫ్యాక్టరీ యజమాని గారు, బ్యాంకు అధికారి, మా అత్తయ్య."

"ఇదేమిటమ్మా?"

"మినిట్స్. మీ నియమాల్లో పద్దెనిమిదో పేజీలో ఉంది. డైరెక్టరు ఎక్కడ కూర్చుంటే అక్కడే మీటింగు పెట్టుకోవచ్చట. మరి ఇన్నాళ్ళూ నన్ను అనవసరంగా ద్వీపానికి ఎందుకు పంపారో!"

టైల్సాయన పెద్దగా నవ్వాడు. "మీ మిసెస్ హుషారైన మనిషండీ!" అన్నాడు మా ఆయనతో. మా ఆయన కాఫీ కప్పు అడుగున ఏముందా అని చూస్తున్నారు.

"మొదటి విషయం. కిందటేడు మా కంపెనీకి లాభం ఎంత?"

"అవన్నీ నీకెందుకమ్మా తలనొప్పి" అన్నాడు వెన్నపూస.

"యజమానిని నేనే, లాభం అనుభవించేది నేనే అని రేపు సంతకం పెట్టాలి కదండీ. ఎంత అనుభవిస్తున్నానో తెలిస్తే బాగుంటుంది."

ఎవరూ చెప్పలేదు. 'చెప్పలేదు' అని రాశాను.

"రెండో విషయం. ఈ లాభం మొత్తం ఇక్కడికి తెప్పించి, డైరెక్టరు నివసించే ఊళ్ళో పన్ను కట్టాలని తీర్మానం. వ్యతిరేకించే డైరెక్టర్లు ఎవరైనా ఉన్నారా? లేరు. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

వెన్నపూస నవ్వు ఆగింది. టైల్సాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, పిల్లల ఆట చూస్తున్నట్టు. నేను నోటుపుస్తకం కింద నుంచి ఒక కవరు తీశాను. దానిమీద ద్వీపంలోని ఏజెంటు అడ్రసు అప్పటికే రాసి పెట్టుకున్నాను. అత్తయ్య దానికి ఎన్ని స్టాంపులు పడతాయో కూడా లెక్క కట్టి అంటించేశారు.

"ఏజెంటు దగ్గరున్నది నా సంతకం ఒక్కటే. ఈ తీర్మానం పంపితే చేస్తారా, చెయ్యరా?" అని మా ఆయనను అడిగాను.

ఆయన తల ఎత్తలేదు. పదిహేనేళ్ళలో ఆయన్ని సూటిగా ఒక ప్రశ్న అడిగినవాళ్ళు ఉన్నట్టు లేరు.

"చేస్తారు" అన్నారు.

"ఏమిటయ్యా చేసేది?" టైల్సాయన కుర్చీ వెనక్కి తోశాడు. "ఆటలుగా ఉందా? నా డబ్బది! పాతికేళ్ళు మట్టి పిసికి సంపాదించుకున్న నా డబ్బు! ఈవిడెవరు దాన్ని రప్పించడానికి?"

వెన్నపూస కళ్ళు మూసుకున్నాడు.

"రాశావా అమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"రాస్తున్నానత్తయ్యా." రాసింది చదివి వినిపించాను. "'అది నా డబ్బు, ఈవిడెవరు అని టైల్స్ ఫ్యాక్టరీ యజమాని గారు అన్నారు.' తప్పేమైనా ఉంటే చెప్పండి, దిద్దుతాను."

ఆయన ముఖం కందిపోయింది. కానీ మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం కంటే విసుగు ఎక్కువుంది. "అమ్మా, నేను దొంగని కాదు. పక్క ఊరి ఫ్యాక్టరీ వాడూ ఇదే చేస్తాడు, ఆ పక్కవాడూ ఇదే చేస్తాడు. అందరూ ఎగ్గొడుతుంటే నేనొక్కణ్ణి కడితే నా టైలు వాడి టైలు కంటే ప్రియమవుతుంది. కొనేవాడుండడు. నాలుగువందల మంది పనివాళ్ళని నేనేం చెయ్యను? ఈ దారి నాకు తెలిసి పుట్టలేదు. మీ బ్యాంకువాళ్ళే వచ్చి చూపించారు, రంగు రంగుల పుస్తకం తెచ్చి."

అది అబద్ధం అనిపించలేదు. అందుకే ఇంకా చికాకేసింది. "ఆ మాట పన్నాఫీసులో చెప్పండి. అందరూ ఎగ్గొడుతున్నారని పేర్లతో సహా చెప్పండి. నేనే యజమానినని నా చేత ఎందుకు చెప్పిస్తారు? మీ పనివాళ్ళ జీతాల్లోంచి పన్ను పోతోందా లేదా?"

"పోతుంది."

"మా అత్తయ్య పింఛనులోంచి?"

"రెండో తారీఖునే" అన్నారు అత్తయ్య.

వెన్నపూస కళ్ళు తెరిచి, కరిగే గొంతుతో మా ఆయన వైపు తిరిగాడు. "కోపంలో అన్న మాటలకి విలువుండదు. ఇక్కడ ఎవరూ ఏమీ వినలేదు. ఏమంటారు?"

ఇంట్లో నాతో ఎంత వాదించినా బ్యాంకులో ఈయన ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. కప్పు కింద పెట్టారు.

"నేను విన్నాను సార్."

"ఆలోచించి చెప్పండి. రేపు శుక్రవారం."

"విన్నాను" అన్నారు మళ్ళీ, ఈసారి ఇంకా చిన్నగా.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. వెళ్తూ వెన్నపూస ఫైలు అడిగాడు. డైరెక్టరు కాపీ నా దగ్గరే ఉండాలని ఇరవై రెండో పేజీలో ఉందని చెప్పాను. వాళ్ళు గుమ్మం దాటగానే మా ఆయన నా మీద విరుచుకుపడ్డారు.

"తృప్తిగా ఉందా? చల్లగా ఉందా? ఊళ్ళో ఆడవాళ్ళందరూ సంతకాలు పెడుతున్నారు. నాకు మాత్రం నోటుపుస్తకం పట్టుకుని కూర్చునే పెళ్ళాం దొరికింది!"

"విన్నానని మిమ్మల్నెవరు అనమన్నారు? వినలేదనాల్సింది."

"ఎలా అంటాను? నువ్వు రాశావు, మా అమ్మ ఉంది, ఆ మనిషి ఊరంతా వినపడేలా అరిచాడు!" అని, చొక్కా గుండీ విప్పుతూ ఆగి, "పైగా అది నిజం కదా" అన్నారు. ఆ మాటకి ఆయనకే కోపం వచ్చినట్టుంది. రోజంతా నాతో మాట్లాడలేదు. ఫోను నాలుగుసార్లు మోగితే నాలుగుసార్లూ అత్తయ్యే ఎత్తి, "లేడండీ, విన్నది రాసుకుంటున్నాడు" అన్నారు.

నిజానికి ఆయన రాయడం మొదలుపెట్టింది శుక్రవారం ఉదయం, టిఫిను కూడా ముట్టకుండా. పది గంటలకు తనిఖీ అధికారి బ్యాంకుకు వస్తాడు. ఆ అధికారి చేతికి ఇవ్వాల్సిన కాగితం అది. ఒకటి రాసి, చించి, మరొకటి రాసి నా ముందుకు తోశారు.

"చదువు. నీ పేరు కూడా ఉంది. నీ సంతకం కూడా కావాలి. తప్పులుంటే చెప్పు, ఎలాగూ చెప్తావు."

చదివాను. బాగానే రాశారు. కంపెనీ పేరు, ఖాతా నంబరు, నా పేరు ఎలా వాడారో, మినిట్స్ ఎలా తయారుచేశారో అన్నీ ఉన్నాయి. ఒక వాక్యం దగ్గర ఆగాను. 'అసలు యజమాని వేరే వ్యక్తి అని గురువారం నా ఎదుట చెప్పగా నాకు తెలిసింది.'

నోరు మూసుకుందామనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఆ ఒక్క క్షణం గట్టిగానే అనుకున్నాను. ఇంటి అద్దె ఆయన జీతంలోంచే కడతాం. పదిహేనేళ్ళుగా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను, ఆ చొక్కాల్లోని మనిషిని నాకు తెలుసు. కానీ ఆ వాక్యం కంట్లో నలుసులా ఉంది.

"గురువారమా?" అన్నాను.

"గురువారమే కదా అన్నాడు."

"అనడం గురువారం. మీకు తెలియడం?"

ఆయన పెన్ను బల్ల మీద కొట్టారు. "నువ్వు మనిషివేనా? గురువారం అని రాస్తే నేను బతికిపోతాను. తెలియగానే చెప్పిన నిజాయితీపరుణ్ణవుతాను. రెండేళ్ళ నుంచీ తెలుసని రాస్తే వాళ్ళ పక్కన నన్నూ కూర్చోబెడతారు. నిన్ను ఇందులోంచి బయటపడెయ్యడానికి రాస్తుంటే నన్ను లోపలికి తోస్తావేం?"

"తోయడం లేదు. ఎలా రాసినా సంతకం పెడతాను. ఆ వాక్యం మాత్రం నా మినిట్స్ లాగే ఉంది, అంతే."

అత్తయ్య వంటింట్లోంచి ఏదో అనబోయి మానేశారు. అదొక వింత. ఆమె మాట మింగడం నేను ఆరోజే చూశాను.

ఆయన ఆ కాగితం చించలేదు, కొట్టివేయలేదు. కొత్త కాగితం తీసుకుని మొదటి నుంచీ మళ్ళీ రాశారు, నెమ్మదిగా, బ్యాంకులో చేరిన కొత్తలో రాసే గుండ్రటి అక్షరాలతో. ఖాతా తెరిచిన రోజు నుంచీ తనకు తెలుసని రాశారు. ఆసుపత్రి వరండాలో నాకేం చెప్పి సంతకం పెట్టించారో కూడా రాశారు. అది నేను అడగలేదు. రాస్తున్నంతసేపూ ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

రాయడం అయ్యాక కాగితాలు నా ముందు పెట్టి, లేచి బూట్లు వేసుకున్నారు. సంచీ భుజాన తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాను.

"ఇంకా చదువుతున్నావా?"

"వెనక పేజీ ఉంది."

"అక్షరం అక్షరం నీ ముందే కదా రాశాను! బస్సు వెళ్ళిపోతుంది."

"ఇంకోటి వస్తుంది. కూర్చోండి."

ఆయన గట్టిగా నిట్టూర్చి, సంచీ భుజానే ఉంచుకుని కుర్చీ అంచున కూర్చున్నారు. నేను పేజీ తిప్పాను.